దారి గుర్తుంచుకునే పొర

ప్రియమైన వదినకు,

ఈ ఉత్తరం అందగానే ఫోన్ తీయకండి. మీతో ఫోన్లో ఒక్క వాక్యం పూర్తిచేసిన మనిషి ఇటు మావాళ్ళలో గానీ అటు మీవాళ్ళలో గానీ ఇంకా పుట్టలేదు. కాగితం మీదైతే నేను చివరిదాకా మాట్లాడగలను, మీరు చివరిదాకా వినక తప్పదు. కావాలంటే మధ్యలో వయొలిన్ పాఠం చెప్పుకుని వచ్చి మళ్ళీ చదవండి. నా కోపం చల్లారే రకం కాదు, మీరొచ్చేదాకా వేడిగానే ఉంటుంది.

విషయం ఇది. నేను మీ తమ్ముడి ఇంట్లోంచి వచ్చేశాను. ఒక లాండ్రీ మీద గది తీసుకున్నాను. ఒక మంచం, ఒక కుర్చీ, కిటికీ పక్కన గోడ వెంట పైకి పోయే ఆవిరి గొట్టం. ఒక పెట్టె, గొడుగు, నా కాఫీ కప్పు తెచ్చుకున్నాను. మీరు పెళ్ళికి ఇచ్చిన గోడ గడియారం అక్కడే వదిలేశాను. టైముకి తిని టైముకి పడుకునే మనిషికి అది లేకపోతే ఊపిరాడదు. ఈ ఉత్తరంలో ఆయనకి 'గారు'లూ 'అన్నారు'లూ ఉండవు, ముందే చెబుతున్నాను. మర్యాద సంగతి కోపం తగ్గాక చూద్దాం.

మీ తమ్ముడు నన్ను కొట్టలేదు, తిట్టలేదు, ఎవరితోనూ తిరగలేదు. అలాంటివైతే చెప్పుకోవడం తేలిక, వినేవాళ్ళకి జాలిపడటం ఇంకా తేలిక. ఆయన చేసిన పని చెప్పాలంటే ముందు నా పని చెప్పాలి. ఇన్నేళ్ళలో మీరు ఒక్కసారి అడిగారు, నేను మొదలుపెట్టేసరికి మీకు నిద్రొచ్చింది. ఈసారి నిద్రపోకండి.

మా కంపెనీ పొగమంచులో చిన్న పడవలకి దారి చూపించే రాడార్లు చేస్తుంది. రాడార్ ఒక కెరటాన్ని పంపుతుంది, అది ఎదుటి పడవకి తగిలి తిరిగొస్తుంది. ఆ కెరటం సెకనుకి వేల కోట్లసార్లు కొట్టుకుంటుంది, అంత వేగాన్ని నేరుగా లెక్కపెట్టే యంత్రాన్ని చిన్న పడవలో పెట్టలేం. అందుకని దానికి మేమే పుట్టించిన ఇంకో కెరటాన్ని కలుపుతాం. రెండింటికీ ఎంత తేడా ఉందో అంత నెమ్మదైన మూడో కెరటం పుడుతుంది, దాన్ని లెక్కపెట్టుకుంటాం. మీరు వయొలిన్ శృతి చేసేటప్పుడు రెండు తీగలు కాస్త ఎడంగా ఉంటే ఊ... ఊ... అని మూడో ఊపు ఒకటి వినిపిస్తుందే, సుమారుగా అలాంటిది. ఈ పోలిక పూర్తిగా సరికాదని మీ తమ్ముడు పేచీ పెడతాడు. పెట్టనివ్వండి.

ఈ కలపడం అనే పనిని, మా భాషలో మిక్సర్ పనిని, ఇన్నాళ్ళూ డయోడులు చేస్తున్నాయి. మా కంపెనీలో ఆ డయోడుల హాలుకి పెద్ద మీ తమ్ముడు. నా బెంచి మీద మాత్రం గ్రాఫీన్ అనే పొర ఆ పని చేస్తుంది. అది కార్బనే, బొగ్గులో ఉండేదే, కాకపోతే ఒకే ఒక్క పరమాణువంత మందం. రాగి రేకు మీద కొలిమిలో పెంచుతాను, రాగిని కరిగించేస్తాను, నీళ్ళ మీద తేలే ఆ పొరని కంటికి కనపడీ కనపడకుండా ఉండగానే చిప్‌తో కింది నుంచి ఎత్తుతాను. అప్పుడు గదిలో ఎవరైనా తుమ్మితే ఆ రోజు పని పోయినట్టే. డయోడు హాల్లో నాకు 'బొగ్గులమ్మ' అని పేరు పెట్టారు. ఆ పేరు పెట్టినవాళ్ళకే రేపు బొగ్గు అమ్మి చూపిస్తానని నేనూ అన్నాను.

ఈ పొరకి ఉన్న గొప్ప ఒక్కటే. దాని మీద గేటు అని, కరెంటుని అదుపుచేసే మీట లాంటిది ఒకటుంటుంది. గేటు వోల్టేజీని ఒక చివర నుంచి ఇంకో చివరకి తీసుకుపోతుంటే పొరలో కరెంటు తగ్గుతూ తగ్గుతూ అడుగుకి చేరి, మళ్ళీ పెరుగుతుంది, లోయలోకి దిగి ఎక్కినట్టు. సరిగ్గా ఆ అడుగున నిలబెట్టి మా కెరటంతో అటూ ఇటూ ఊపితే, ఎటు ఊగినా కరెంటు పెరగడమే. ఒక ఊపుకి రెండు గెంతులు. అంటే మేం పుట్టించే కెరటం సగం వేగంతో ఉన్నా పని జరిగిపోతుంది. డయోడులతో అయితే అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉండే రెండింటిని వెతికి జత చేయాలి. నా పొర ఒక్కటే చాలు. కాకపోతే అడుగున నిలబడాలి. రవ్వంత పక్కకి జరిగినా ఒక గెంతు కుంటుతుంది, అక్కర్లేని కెరటాలు దూరి గోల చేస్తాయి.

ఇప్పుడు అసలు సంగతి. మా దగ్గర ఏది కొత్తగా చేసినా వేరే హాలు మనిషి ఒకరు రహస్యంగా పరీక్షించాలి. ఎవరు పరీక్షించారో చేసినవాళ్ళకి చెప్పరు. నేను చిప్‌లు పెట్టెలో పెట్టి, ఒక్కోదాని మీద గేటు వోల్టేజి ఎంత ఉండాలో అంకె వేసి ఇచ్చాను. తర్వాత మీటింగుకి పిలిచారు. ఈ పరీక్షల మీద తీర్పు చెప్పే సంఘానికి అధ్యక్షుడు ఒకాయన, ప్రతిదానికీ 'సరే సరే' అంటాడని అందరూ ఆయన్ని సరేసరే సారు అంటారు. ఆ సరేసరే సారు నా చిప్‌లు పనిచేయలేదనీ, నేను చూపించిన ఫలితం ఇంకొకరి చేతిలో రాలేదనీ, కాబట్టి నెలాఖరుకి నా బెంచి తీసేస్తున్నామనీ చెప్పాడు. నేను ఒప్పుకోనన్నాను. ఎవరు కొలిచారో, ఎలా కొలిచారో చెప్పమన్నాను. అప్పుడు ఆయన విసుగొచ్చి నోరు జారాడు.

"మీ ఇంట్లో మనిషే తేల్చి చెప్పాక ఇంకా ఏం మాట్లాడతావమ్మా?"

మీ తమ్ముడు నాకు ఎదురుగానే కూర్చున్నాడు. బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నాడు. ఇంటికెళ్ళాక అడిగాను.

"నువ్వేనా?"

"నేనే."

"ఎప్పుడు?"

"నువ్వు పొర తేల్చే నీళ్ళ తొట్టె మారుస్తున్న వారం."

"ఆ వారమంతా మనం ఒకే బల్ల దగ్గర భోంచేశాం."

"చెప్పకూడదని రూలు."

"నీ మొహం చూసి కూడా నేను కనిపెట్టలేదంటే ఎంత బాగా దాచావు!"

"దాచలేదు. చెప్పలేదు, అంతే."

ఇది వినండి వదినా, దాచలేదట, చెప్పలేదట. రేపు నా పొర కాలిపోతే 'కాల్చలేదు, మంట పెట్టాను, అంతే' అంటాడు. నా పని పోయిందన్న బాధ ఒక పాలైతే, నా పని పోతుందని తెలిసి కూడా ఎదురుగా కూర్చుని 'ఇంకాస్త పెరుగు వేసుకుంటావా' అని అడిగాడే, ఆ బాధ పది పాళ్ళు. ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు పెద్దలు. నా ఖర్మకి ఇల్లూ రచ్చా ఒకటే అయ్యాయి.

పుండు మీద కారంలా ఇంకోటి. బెంచి తీసేశాక నన్ను డయోడు హాల్లో వేస్తారట, మీ తమ్ముడి చేతికింద. "ఇంట్లో ఎలాగూ అలవాటే కదా" అని సరేసరే సారు నవ్వాడు. నేను నవ్వలేదు. ఇంట్లో ఎవరూ ఎవరి చేతికిందా లేరని చెప్పి వచ్చాను. మా రూల్స్‌లో ఇంకో రూలుంది. చేసినవాళ్ళు ఒక్కసారి, ఒక్కసారే, అందరి ముందూ మళ్ళీ పరీక్ష అడగొచ్చు. అది అడిగాను. నెలాఖరుకి పెట్టారు. గెలిస్తే బెంచి ఉంటుంది. ఓడితే బెంచీ పోతుంది, నేనూ పోతాను, ఎక్కడికైనా. చేతికింద మాత్రం పోను.

మీరు ఏం రాస్తారో నాకు తెలుసు. రాయకండి.

ఇంకా మీ మరదలినే,
లాండ్రీ మీది గది నుంచి


ప్రియమైన వదినకు,

రాయకండి అన్నా రాశారు. పైగా ఒక్క మాటే రాశారు: 'సర్దుకుపో.' దాని కింద మీ సంతకం, దానికింద గీత. మీ ఉత్తరం చదివి లాండ్రీ ఆవిడకి కూడా వినిపించాను. ఆవిడ "మా ఆడపడుచూ ఇదే అంటుంది, వాళ్ళకి బళ్ళో నేర్పుతారేమో" అంది. సర్దుకుపోవడం నేను గేటు వోల్టేజీకి నేర్పాను వదినా, నేను నేర్చుకోలేదు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకాన్ని నేనని మీరే పెళ్ళిచూపుల్లో కనిపెట్టి మీ తమ్ముడి చెవిలో చెప్పారట కదా. అది తెలిసే చేసుకున్నాడు, అనుభవించనివ్వండి.

కానీ ఈ ఉత్తరం తిట్టడానికి కాదు. ఇంకో సంగతి జరిగింది. చెప్పడానికి నాకు ఇష్టంగా లేదు, అందుకే ముందు చెబుతున్నాను.

కంపెనీలో నా పని గదిలో అలమారాలు విప్పే పని అప్పుడే మొదలుపెట్టారు. పరీక్ష ఇంకా కాలేదు, అయినా వాళ్ళకి ఫలితం తెలిసిపోయినట్టే. నా చిప్‌లు ఎప్పుడూ తేమ లేని పొడి బీరువాలో ఉంటాయి. ఆ బీరువాని కూడా రేపు తీసుకెళ్తామన్నారు. నాకు ఒళ్ళు మండి చిప్‌ల పెట్టెని చంకలో పెట్టుకుని లాండ్రీ మీది గదికి తెచ్చేశాను. ఎక్కడ పెట్టాను? ఉన్న చోటు ఒక్కటే, కిటికీ గట్టు మీద, ఆవిరి గొట్టం పక్కన. దుప్పట్లు ఉడికే ఆవిరి రోజంతా ఆ కిటికీలోంచి లోపలికి వస్తుంది. నా జుట్టు కూడా ఇక్కడికొచ్చాక ఉంగరాలు తిరిగింది.

రెండ్రోజులు అలా ఉన్నాక ఒక చిప్‌ని తీసుకెళ్ళి కొలిచాను. నేను ఎప్పుడూ ప్లస్ చివర నుంచి మొదలుపెట్టి మైనస్ వైపు దిగుతాను. నా పొర అడుగు ప్లస్ వైపునే ఉంటుంది కాబట్టి దగ్గరి దారి అదే. అడుగు కనపడగానే అంకె రాసుకుని మీటర్ ఆపేస్తాను. మొదటి నుంచీ అంతే. ఆ రోజు అడుగు మామూలు చోట లేదు, బాగా ప్లస్ వైపు జరిగిపోయింది. చిప్ పాడైందనుకుని చిరాకుతో మీటర్ ఆపడం మరిచిపోయి మైనస్ చివరిదాకా పోనిచ్చాను. తర్వాత అలాగే వెనక్కి తిప్పాను. తెర మీద గీత గీస్తూనే ఉంది. తిరుగు దారిలో అడుగు ఇంకో చోట వచ్చింది!

వదినా, కుర్చీలో కూలబడ్డాను. మళ్ళీ చేశాను. ప్లస్ నుంచి వస్తే ఒక చోట, మైనస్ నుంచి వస్తే ఇంకో చోట. ఒకే పొర, ఒకే లోయ, రెండు అడుగులు. పొర కింద చిక్కుకున్న తేమ నేను ఏ చివర నుంచి బయల్దేరితే ఆ చివర కాస్త కరెంటుని మింగి పట్టుకుంటుంది. ఆ మింగింది అడుగుని తన వైపుకి లాగుతుంది. అంటే పొరకి మనం ఎక్కడున్నామో మాత్రమే కాదు, ఎటు నుంచి వచ్చామో కూడా గుర్తుంటుంది. పొడి బీరువాలోంచి తీసిన చిప్‌లో కూడా ఈ గుణం ఉంది, కొంచెమే. ఇక్కడి ఆవిరి దాన్ని భూతద్దంలో చూపించింది. కొంచెమే అయినా మా పనికి ఆ కొంచెమే ఎక్కువ.

ఇప్పుడు మీ తమ్ముడి సంగతి. డయోడు మనుషులు ఎప్పుడూ మైనస్ నుంచే మొదలుపెడతారు. డయోడు మీద ముందే ప్లస్ గట్టిగా వేస్తే కాలిపోతుంది కాబట్టి వాళ్ళ చేతులకి అది అలవాటు. ఆయన నా పెట్టె మీది అంకె చూశాడు, తన దారిలో బయల్దేరి సరిగ్గా ఆ అంకె దగ్గర ఆగాడు. నా అంకె తప్పు కాదు. ఆయన కొలతా తప్పు కాదు. కానీ ఆయన వెళ్ళిన దారిలో ఆ అంకె దగ్గర అడుగు లేదు. నేను అంకె ఇచ్చాను, దారి ఇవ్వలేదు. ఇన్నేళ్ళుగా ఒకే వైపు నుంచి నడిచి నడిచి, ఇంకో వైపు ఒకటుందనే మరిచిపోయాను. ఆయనకీ అది తట్టలేదు. పక్కనే నేనుండి ఉంటే "అటు నుంచి ఎందుకెళ్తున్నావు?" అని ఒక్క మాట అనేదాన్ని, అక్కడికక్కడే తేలిపోయేది.

మీరు వయొలిన్ తీగ బిగించేటప్పుడు స్వరం దాటిపోతే, పై నుంచి కిందికి దించి ఊరుకోకుండా, బాగా వదులు చేసి మళ్ళీ కింది నుంచి తెచ్చేవారు. ఎందుకని అడిగితే "పై నుంచి దిగితే నిలవదు" అన్నారు. అప్పుడు చాదస్తం అనుకున్నాను. ఇప్పుడు గుర్తొచ్చింది.

ఇక్కడ మీరు 'చూశావా, మా తమ్ముడి తప్పు లేదు' అనబోతున్నారు. అనకండి. కొలతలో తప్పు లేదు, నోరు మూసుకోవడంలో తప్పు అలాగే ఉంది. ఆ రెండిటినీ కలిపి సమం చేయడానికి అదేం మిక్సర్ కాదు. ఆయన కొలత నిజమైనందుకు నేను ఇంటికి పోను, నా పొర నిజమైనందుకు ఆయన నాకు చెప్పి ఉండాల్సిన మాట చెప్పినట్టూ కాదు.

మందు ఏంటో తెలుసు. గాలి తీసేసిన పొయ్యిలో పొరని కాల్చి తేమంతా పోగొట్టాలి, చల్లారేలోపే దాని మీద గాజులాంటి పలచని మూత వేయాలి. ఈ మూత వేయమని కొలిమి దగ్గర పనిచేసే పెద్దాయన ఎప్పటి నుంచో అంటున్నాడు. మూత వేస్తే పొర వేగం తగ్గుతుందని నేనే ఒప్పుకోలేదు. "అందగత్తెకి ముసుగెందుకు" అన్నాను. ఇప్పుడు ఆయన ముందే మూతలు వేస్తుంటే "ముసుగు బాగుందమ్మా" అని మురిసిపోతున్నాడు. చాలా చిప్‌లకి మూత వేసేటప్పుడే పొర చిరిగింది. మూత నిలిచింది ఒక్కదానికే. దాన్ని ఇంకా రెండు వైపుల నుంచీ కొలవలేదు, మీటర్లు కూడా సర్దేశారు. పరీక్ష రోజే కొలవాలి, అందరి ముందూ.

మొండివాడు రాజుకంటే బలవంతుడంటారు. మొండిదాని గురించి ఎవరూ ఏమీ అనలేదు, చూద్దాం.

ఒకే ఒక్క చిప్‌తో,
బొగ్గులమ్మ


ప్రియమైన వదినకు,

పరీక్ష అయిపోయింది. జరిగింది జరిగినట్టు రాస్తాను. మీకు మీ తమ్ముడు ఇప్పటికే ఏదో రాసి ఉంటాడని అనుమానం. ఆయన రాస్తే మూడు వాక్యాలుంటాయి, అందులో ఒకటి వాతావరణం.

గదిలో సంఘం వాళ్ళంతా ఉన్నారు. బల్ల మీద మీటర్ పెట్టారు. నేను ముందు మూత వేయకుండా పక్కన పెట్టిన పాత చిప్‌ని తీశాను. కొలవడానికి మీ తమ్ముణ్ణే పిలవమన్నాను. సరేసరే సారు అదేంటన్నాడు. "ఆయనే కొలిచి బాలేదన్నాడు, ఆయనే మళ్ళీ కొలవాలి" అన్నాను. ఆయన లేచి వచ్చాడు. చొక్కా ఇస్త్రీ లేదు. నేనున్నప్పుడూ తనే చేసుకునేవాడు లెండి, నా ప్రతాపం కాదు.

"మీకు అలవాటైన వైపు నుంచే కొలవండి" అన్నాను. అందరి ముందూ 'మీరు' అన్నాను, అది విని ఆయన చెయ్యి ఒక్క క్షణం ఆగింది. మైనస్ నుంచి కొలిచాడు. లోయ వచ్చింది. తర్వాత నేను ప్లస్ నుంచి కొలిచాను. ఇంకో లోయ వచ్చింది. తెర మీద రెండూ పక్కపక్కనే నిలబడ్డాయి. మీ తమ్ముడు ఆ రెండు గీతల్నీ చూశాడు, నన్ను చూశాడు. ఏం జరిగిందో ఆయనకి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. మొహం పాలిపోయింది.

నేను అందరికీ చెప్పాను, మీకు రాసినట్టే, తేమ సంగతీ దారి సంగతీ. సరేసరే సారు కాసేపు గడ్డం గోక్కున్నాడు. తర్వాత ముఖం వెలిగిపోయింది.

"సరే సరే, దీనికింత గొడవెందుకు? పరీక్ష చేసినాయన తప్పు వైపు నుంచి కొలిచాడు, అంతేగా! అలా రాసి సంతకం పెట్టేయమ్మా. పరీక్ష కొట్టేస్తాం. బెంచి నీది నీకే ఉంటుంది."

నాకు కావలసింది పళ్ళెంలో పెట్టి ఇచ్చాడు వదినా. మీ తమ్ముడేమో తలొంచుకుని "రాయనివ్వండి, నాకేం అభ్యంతరం లేదు" అన్నాడు. చూడండి, ఎప్పుడు నోరు తెరవాలో తెలియని మనిషి, తెరిచి ఆ మాట అన్నాడు. నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. ఈసారి ఆయన మీద కాదు, ఆయన కోసం కూడా కాదు. మా ఇద్దరి చేతుల్లోంచి వచ్చిన రెండు నిజమైన గీతల్లో ఒకదాన్ని అబద్ధం చేసి నా బెంచి నిలబెట్టుకోమంటున్నాడు సరేసరే సారు.

"రాయను" అన్నాను.

"అదేంటమ్మా?"

"ఆయన కొలత తప్పు కాదండి. తప్పు వైపంటూ ఏదీ లేదు. పడవలో కూర్చునేవాడు ఏ వైపు నుంచి స్విచ్ వేస్తాడో మీకు తెలుసా? నా పొర వచ్చిన దారి గుర్తుపెట్టుకుంటోంది, అది నా పొర లోపం. అది రాస్తాను."

"లోపం ఉందని నువ్వే రాస్తే బెంచి తీసేయాల్సి వస్తుంది."

"తీసేసేవాళ్ళు ఇది కూడా చూసి తీసేయండి" అని మూత వేసిన చిప్ బల్ల మీద పెట్టాను.

అప్పటిదాకా దాన్ని రెండు వైపుల నుంచీ నేనే చూడలేదని మీకు తెలుసు, వాళ్ళకి తెలియదు. అందుకే గొంతు పెద్దది చేశాను. ముందు మీ తమ్ముడు తన వైపు నుంచి కొలిచాడు. తర్వాత, నేను అడగకుండానే, నా వైపుకి తిప్పి వెనక్కి తెచ్చాడు. రెండో గీత మొదటి గీత మీదే నడిచింది. అడుగు దగ్గర గోరంత ఎడం, అంతే. మళ్ళీ చేశాడు. మళ్ళీ అంతే. అప్పుడు అడుగున నిలబెట్టి, రాడార్ కెరటాన్నీ సగం వేగపు కెరటాన్నీ కలిపాడు. తెర మీద మాకు కావలసిన మూడో కెరటం నిటారుగా లేచి నిలబడింది. పక్కన గోల చేసేవి అణిగిపోయాయి. మూత వల్ల కొంచెం బలం తగ్గింది, నిజమే, దాన్ని కూడా రాసిచ్చాను. దాచుకోవడానికి నాకేం పట్టింది!

"పనిచేస్తోంది. రెండు వైపుల నుంచీ పనిచేస్తోంది" అన్నాడు మీ తమ్ముడు. తర్వాత కూర్చోలేదు. "ఇంకో మాట. చేసిన మనిషి పక్కన లేకుండా ఇకముందు నేను దేన్నీ కొలవను. ఆ రూలు మారిస్తే కొలుస్తాను, లేకపోతే వేరేవాళ్ళని చూసుకోండి. ఆ రూలు వల్లే మంచి పనిని చెడ్డదని రాశాను. చెప్పాల్సిన మనిషికి చెప్పలేదు."

ఇన్నేళ్ళ కాపురంలో ఆయన ఒక్క గుక్కలో ఇన్ని మాటలు అనడం నేను వినలేదు. మీరు విన్నారా, ఎప్పుడైనా?

సరేసరే సారు రెండు సార్లు సరే అని, బెంచి ఉంటుందన్నాడు, ఇంకొన్ని చిప్‌లకి ఇలాగే మూత వేసి చూపించాలన్నాడు. అయితే డయోడు హాలు కింద ఉండాలన్నాడు. "కింద ఉండదు, పక్కన ఉంటుంది" అన్నాను. "మధ్య గోడకి మాత్రం తలుపు ఒకటి పెట్టించండి, సామాను రాకపోకలకి వీలుగా ఉంటుంది" అని కూడా అన్నాను. ఎవరో నవ్వారు. విప్పిన అలమారాలు మర్నాడే వెనక్కి వచ్చాయి, ఒక తలుపు ఎడమది కుడికి బిగించారు, పోనీలెండి.

ఆ సాయంత్రం మీ తమ్ముడు లాండ్రీ మీదికి వచ్చాడు. మెట్లన్నీ ఆవిరి. కళ్ళజోడు మంచుపట్టి గుమ్మంలో గుడ్డివాడిలా నిలబడ్డాడు. నేను కూర్చోమనలేదు, ఆయనే వెతుక్కుని కూర్చున్నాడు.

"ఇంటికి రా" అన్నాడు.

"ఎందుకు?"

చాలాసేపు కళ్ళజోడు తుడిచాడు. తుడిచి పెట్టుకోగానే మళ్ళీ మంచు పట్టింది. చివరికి తీసి చేత్తో పట్టుకునే మాట్లాడాడు.

"నీ చిప్ పెట్టె నా దగ్గరికి వచ్చిన రోజు పొద్దున్నే కొలిచాను. రాలేదు. నా మీటర్ పాడైందేమో అనుకుని ఇంకోటి తెచ్చాను. రాలేదు. వైర్లు మార్చాను. భోజనానికి వెళ్ళలేదు. ఎవరూ అంతసేపు కొలవరు, రెండుసార్లు చూసి రాసిచ్చేస్తారు. నేను సాయంత్రం దాకా కొలిచాను, ఒక్కసారన్నా వస్తుందేమోనని. ప్రతిసారీ నా వైపు నుంచే వెళ్ళాను."

నోరు లేకపోవడం అంటే ఏంటో మొదటిసారి నాకు తెలిసింది. ఆ రోజు ఆయన ఆకలితో ఇంటికొచ్చి మాట్లాడకుండా తింటుంటే, నేను నీళ్ళ తొట్టె గురించి గంటసేపు చెప్పడం గుర్తొచ్చింది. పెరుగు వేసుకుంటావా అని అడిగింది అప్పుడే. ఇంకేం అడగడానికి వీల్లేక అది అడిగాడు.

క్షమించానని రాయడం లేదు. ఆ మాట మీరు ఆయనకి ఫోన్ చేసి చెప్పేస్తారు. రేపు పెట్టె సర్దుకుని వెళ్తున్నాను, నా షరతు మీద. ఇక మీద బల్ల దగ్గర కూర్చున్నాక ఆ రోజు ఏం జరిగిందో ముందు ఆయన చెప్పాలి, తర్వాత నేను. రూలు అడ్డొస్తే 'రూలు అడ్డొస్తోంది' అనైనా చెప్పాలి, మిగతాది నేను పోట్లాడుకుంటాను. ఒప్పుకున్నాడు. ఒప్పుకుని వెంటనే మొదలుపెట్టి, డయోడు హాల్లో ఒక స్క్రూ అరిగిపోయిన సంగతి చాలాసేపు చెప్పాడు. అంత నిస్సారమైన కథ నేను పుట్టి ఎరగను. చివరిదాకా విన్నాను.

ఈసారి ఉత్తరం అందగానే ఫోన్ చేయండి. మధ్యలో అడ్డుపడండి, ఫరవాలేదు.

ఇంటికి బయల్దేరుతూ, సర్దుకుపోకుండానే,
మీ బొగ్గులమ్మ